నా కాలి ముక్క బెంగుళూరు పోయింది

మోకాలి కింద నాకొక నల్లమచ్చ ఎన్నేళ్లుగానో ఉంది. ఆవు తాడు ఒరుసుకుని దాని మీద చర్మం లేచింది. ఆ తర్వాత మానలేదు. ఎండుతుంది, పెచ్చు రాలుతుంది, మళ్లీ తడి. వద్దన్నా వినకుండా కోడలు మా ఊరు బేరిగై నుంచి హోసూరుకు తీసుకెళ్లి డాక్టరమ్మకు చూపించింది. ఆమె చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంది.

"చెడ్డ రోగమామ్మా?"

"అది తెలుసుకునేదానికే అవ్వా. చూడకుండా నేనేం చెప్పేది?"

మత్తుసూది వేసి, కందిబేడంత ముక్క తీసి, చిన్న సీసాలో నీళ్లలాంటి మందులో వేసింది. అది మెల్లగా అడుక్కి దిగుతుంటే వంగి చూశాను. ఇన్నాళ్లూ నా వెంట చేలన్నీ తిరిగిన కాలు. అందులోని ముక్క ఇప్పుడు నా ఎదురుగా విడిగా ఉంది.

"దీన్ని యాడికి పంపిస్తారు?"

"బెంగుళూరుకు."

"నేను పోయి ఎన్నేండ్లాయెనో. నా కాలి ముక్క టికెట్టు లేకుండా జూజువాడి చెక్‌పోస్టు దాటిపోతాదా!"

డాక్టరమ్మ నవ్వి, కుట్లు వేసి కట్టు కట్టింది. "తడపొద్దు. ఊరికే విప్పి చూడొద్దు. చీము పట్టినా, జ్వరమొచ్చినా వెంటనే రావాల" అంది.

ఇంటికొచ్చాక నాకొక ఆలోచన వచ్చింది. చెడ్డ రోగమైతే పుండు మానదు. మానితే చెడ్డది కాదు. అట్లాంటప్పుడు బెంగుళూరు కబురు కోసం కాచుకోవడం ఎందుకు? జవాబు నా కాలి మీదే ఉంది కదా! అందుకని కోడలు పాలు పితకడానికి పోగానే కట్టు విప్పి చూసేదాన్ని. అదే గుడ్డను తిప్పి మళ్లీ కట్టేదాన్ని. గుడ్డ ఊరికే వస్తుందా? అంచులు పొడిగా కనబడిన పూట ఇంకో ముద్ద సంగటి తినేదాన్ని. తడి కనబడితే కంచం పక్కకు నెట్టేదాన్ని. సీసాలోని ముక్క సంగతీ మనసులో తిరిగేది. ఇక్కడ నేను మానుతుంటే అక్కడ అదేమవుతున్నట్టు? అదీ మానుతుందా?

ఒకనాడు కోడలు పాలచెంబుతో తొందరగా వచ్చేసింది.

"ఏం చేస్తుండావత్తా?"

"మానిందా లేదా చూస్తుండా."

"కృష్ణగిరి కొమ్మ తెచ్చి మామిడి అంటు కడితిమి గదా, ప్లాస్టిక్ రవ్వంత వదులు చేసి నేను చూస్తే ఏమంటివి? బిడ్డ నిద్రపోయిందా అని తట్టి లేపి అడుగుతావా అని వీధంతా వినేటట్టు అరిస్తివే!"

నిజమే. మా ఇంట్లో అంటు కడితే, చిగురు వచ్చేదాకా ఆ కట్టు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. విప్పితే గాలి తగిలి కొమ్మ కోతా మొక్క కోతా రెండూ ఎండిపోతాయి, అతుక్కోవు. ఆ కట్టడి పెట్టిందే నేను.

"చెట్టుకు నోరుంటే అదీ విప్పి చూడమనేది" అన్నాను.

"నీ నోరు చాల్లే. కాలు ఇట్లా చాపు."

అంచు ఎర్రబడి ఉంది. కోడలు పాత గుడ్డ పొయ్యిలో వేసి, శుభ్రమైనది కట్టి, అప్పుడే హోసూరు బస్సెక్కించింది. డాక్టరమ్మ చూడగానే, "విప్పినావు గదా అవ్వా?" అంది. మందు రాసి ఇచ్చింది.

"మానితే మంచిదేనని లెక్క గదా తల్లీ?"

"కాలు మానేది వేరే, ముక్క చెప్పేది వేరే. చెడ్డదున్నా పైన మానొచ్చు. ఏమీ లేకపోయినా ఈ వయసులో మోకాలి కింద మానేది నిదానమే."

ఇన్ని పొద్దులూ నేను జవాబు అడిగింది, అది తెలియని పుండునన్నమాట. ఆ తర్వాత కట్టు ముట్టలేదు. చూడకుండా ఉండటం చూడటం కంటే కష్టంగా ఉండేది. చేతికి ఏదో ఒక పని ఉండాలని చింతకాయలు ముందేసుకుని గింజలు తీస్తూ కూర్చునేదాన్ని.

కుట్లు తీసే రోజుకు బెంగుళూరు జవాబు డాక్టరమ్మ కంప్యూటర్‌కు వచ్చి ఉంది. "చెడ్డ రోగం కాదవ్వా. మామూలు మచ్చే. తాడు ఒరుసుకుని ఒరుసుకుని మానకపోయింది, అంతే."

కోడలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను అడిగాను: "ఆ ముక్క ఇప్పుడు యాడుంది?"

"ఆడనే. ఉల్లిపొర కంటే పలచగా కోసి, రంగేసి, గాజు మీద పెట్టుకోనుంటారు."

"ఏం రంగు?"

ఆమె కంప్యూటర్ నా వైపు తిప్పి ఆ ముక్క బొమ్మ చూపించింది. గులాబీరంగు నేల, దాని మీద ఊదారంగు విత్తనాలు వెదజల్లినట్టు. అంత అందమైన రంగు చీర నేనెన్నడూ కట్టలేదు. ఆ విత్తనాలు ఒకచోట దగ్గరగా, ఒకచోట పలచగా ఎందుకున్నాయో అడగాలనిపించింది.

"అత్తా, బస్సుకు టైమాయె" అంది కోడలు.

"పోనీలేవే, ఇంకొకటి వస్తాది" అని కళ్లద్దాలు పెట్టుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నాను.