ధర్మాసుపత్రికి వెళ్తూ

పుట్టుకతోనే పాదం వంకర తిరిగిన మా నాలుగేళ్ల పాపను ఎత్తుకుని గుడివాడలో బందరు రైలెక్కాను. సర్కారు ఆస్పత్రిలో పేద పిల్లలకు ఉచితంగా ఆపరేషన్ చేస్తారని విని బయల్దేరానే గాని, చేయి చాచడానికి వెళ్తున్నట్టు సిగ్గుగా ఉంది.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ పాప పాదం నిమిరి, "ఎక్కడికమ్మా?" అంది.

"ధర్మాసుపత్రికండీ," అన్నాను తల వంచుకుని.

ఆవిడ పకపకా నవ్వింది. "ధర్మమేంటమ్మా! నువ్వు అగ్గిపెట్టె కొనవా? కిరసనాయిలు కొనవా?"

"కొంటానండీ."

"కొన్నప్పుడల్లా సర్కారుకి పన్ను కడుతున్నట్టే. డాక్టరు గారి జీతం అందులోంచేగా! దర్జాగా వెళ్లి అడుగు."

నాకూ నవ్వొచ్చింది. నేను పన్ను కడుతున్నానని అప్పటిదాకా నాకే తెలియదు.

ఆస్పత్రిలో గుమాస్తా తలెత్తకుండానే, "ఉచితమేనా?" అన్నాడు.

"మేమూ పన్ను కట్టేవాళ్లమేనండీ," అన్నాను గట్టిగా.

వరుసలో నా వెనకున్నావిడ, "నేను కూడానా అక్కా?" అని మెల్లగా అడిగింది. గుమాస్తా తలెత్తి నవ్వాడు. "కూర్చోండమ్మా, పాప పేరు చెప్పండి," అన్నాడు.

రైల్లో ఆ పెద్దావిడ పేరు నేను అడగనే లేదు. మరుసటేడు అన్నం గిన్నె పట్టుకుని పాప వెనక పరుగెత్తలేక, వీధి మధ్యలో ఆయాసంతో కూలబడి నవ్వుకున్నాను.