తొడిమ తీయని కాయలు

మిరపకాయ తొడిమలు తీయడంలో నన్ను మించిన మనిషి మా పేటలో లేదు. ఇది గొప్పలు చెప్పుకోవడమే, కానీ నిజం. గుంటూరు శివార్లలో కోల్డ్ స్టోరేజీల పక్కనున్న షెడ్లలో మా అమ్మ తొడిమలు తీసే పనికి వెళ్లేది. బడికి సెలవులిస్తే నేనూ వెళ్లేదాన్ని. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎండుమిరప గుట్ట ముందు కూర్చుంటే తుమ్ములూ దగ్గులూ తప్ప మాటలు వినపడవు. కాయ పట్టుకోవడం, బొటనవేలితో తొడిమ విరవడం, పక్కకు వేయడం, అన్నీ ఒకే ఊపులో అయిపోవాలి. మొదట్లో కళ్లతో చూసి తీసేదాన్ని. పోనుపోను చూడాల్సిన అవసరమే లేకుండా పోయింది. పెళ్లీడు వచ్చేసరికి అమ్మను కూడా దాటేశాను. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లతో మేస్త్రీ, "ఆ పిల్ల పక్కన కూర్చుని కబుర్లు చెప్పబాకండి, మీ గుట్ట మీ ముందరే ఉండిపోద్ది" అనేవాడు. ఆ మాట విన్న రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ చేతులతోనే పల్నాడు వైపు, వినుకొండ దగ్గరి ఒక నల్లరేగడి ఊరికి కాపురానికి వచ్చాను. అత్తవారిది సగం పత్తి, సగం మిరప. ఇంట్లో వంటగది వెనక ఒక చిన్న చీకటి గది ఉంది. అందులో చెక్క బల్ల మీద జాడీలు వరసగా ఉంటాయి. గోంగూర, చింతకాయ, మాగాయ, వాటి పక్కన వడియాల డబ్బా, వాడరేవు నుంచి తెప్పించిన ఎండుచేపల డబ్బా. అన్నిటికంటే పెద్దది పండుమిరప పచ్చడి జాడీ. పైన గోధుమరంగు, కింద తెలుపు, మెడ దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. ఆ గదికి మహారాణి మా అత్తయ్య. మా చర్చిలో ఎవరింట్లో ప్రార్థన కూడిక జరిగినా, విందులో పండుమిరప పచ్చడి మాత్రం మా ఇంటి నుంచే వెళ్లాలి. గిన్నె ఖాళీగా తిరిగి రావడం చూసి ఆవిడ ఏమీ ఎరగనట్టు మొహం పెట్టేది. ఆ మొహం చూస్తే నాకు నవ్వొచ్చేది.

ఇన్నేళ్లలో నన్ను ఆ జాడీ మీద చెయ్యి వేయనివ్వలేదు. కాయలు మోయి, ఉప్పు అందుకో, రోలు కడుగు, ఇంతవరకే నా పని. రోకలి ఆవిడ చేతిలోనే. చెడ్డ మనిషా అంటే కాదు. కూర నేనే వండుతాను, ఉప్పెక్కువైనా మారు మాట్లాడకుండా తింటుంది. కానీ కూర రేపటికి ఉండదు, పచ్చడి ఏడాది పొడుగునా ఉంటుంది. ఏడాది మాట పడాల్సిన పనిని ఆవిడ ఇంకొకరికి అప్పగించదు. అది నాకు అర్థమయ్యేది. అర్థమైనా ఒళ్లు మండేది.

మొన్న మిరప పండే రోజుల్లో అత్తయ్య అరుగు దిగబోయి జారి పడింది. కుడి భుజం బెణికి, చెయ్యి మెడకు కట్టేశారు. చేలో కాయ ఎర్రగా పండి ఉంది. ఎండిపోకముందే కోసి పచ్చడి పెట్టాలి. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆవిడ ఎడమచేత్తో ముద్ద కలుపుకుంటూ తేల్చేసింది.

"ఈ చేత్తో ఇంక రోకలి పట్టలేను. పెద్ద జాడీ వినుకొండ పంపించేద్దాం. అమ్మాయి పెట్టుకుంటది."

అమ్మాయి అంటే మా ఆడపడుచు. మంచి మనిషే, నాకు ఆవిడంటే ఏ కోపమూ లేదు. కానీ మిరప పండే ఇంట్లో ఉండి, పచ్చడి కోసం బస్సెక్కి ఇంకో ఇంటికి వెళ్లడమా? ఇక్కడ ఒక మనిషి తిరుగుతోందని అత్తయ్యకు గుర్తే లేదా?

"నేను పెడతాను అత్తయ్యా" అన్నాను.

నా భర్త పళ్లెంలోంచి తల ఎత్తలేదు. ఇలాంటప్పుడు ఆయన ఎప్పుడూ ఎత్తడు.

"ఫోన్లో చూసి పెడతావా?" అంది అత్తయ్య.

"ఇన్నేళ్లు మిమ్మల్ని చూసే పెడతాను."

"సరే, పెట్టు. కుదిరితే జాడీ ఇంట్లో ఉంటది. చెడిందా, వినుకొండ పోద్ది. మళ్లీ ఏడవకూడదు" అంది. నేను ఏడవనన్నాను.

మర్నాడు భుజం చూపించుకోవడానికి ఆవిడ కూతురింటికి వెళ్లింది. చేలోంచి కాయలు వచ్చాయి. కండపట్టిన, నున్నటి, ముదురు ఎరుపు కాయలు. అరుగు మీద పోసుకుని కూర్చున్నాను. పక్కింటి పెద్దావిడ వచ్చి నా చేతుల వంక నోరెళ్లబెట్టి చూసింది. చూడనీ అనుకుని ఇంకాస్త జోరు పెంచాను. ఆవిడ తమలపాకు నమిలే లోపల సగం గుట్ట తొడిమలు తీసేశాను. తర్వాత కాయల్ని శుభ్రంగా కడిగి, నీడన ఆరబెట్టి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచాను. రాళ్ల ఉప్పు, చింతపండు, పసుపు వేసి రోట్లో తొక్కాను. చేతులకు నూనె రాసుకున్నా మోచేతుల దాకా మంటే. జాడీలో గట్టిగా అదిమి, ఆవిడ చేసినట్టే కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, మూతికి గుడ్డ కట్టాను. మనసులో అప్పుడే విందులో గిన్నెలు తిప్పేస్తున్నాను.

మూడో రోజు పచ్చడి తీసి, మెంతిపిండీ వెల్లుల్లీ వేసి మళ్లీ రుబ్బుకోవాలి. గుడ్డ విప్పగానే పులిసిన కల్లు వాసన గుప్పుమంది. పైన నురగ, అంచుల వెంట తెల్లటి బూజు. చెంచాతో పక్కకు తోసి చూశాను, లోపల కూడా అంతే. అక్కడే నేల మీద చతికిలబడ్డాను. ఏడవనని మాటిచ్చాను గనక ఏడవలేదు, తిట్టుకున్నాను. కాయల్ని, ఉప్పుని, వాతావరణాన్ని, అందరికంటే ఎక్కువ నన్ను.

ఆ సాయంత్రమే అత్తయ్య తిరిగొచ్చింది. కబురు అప్పటికే గోడ దాటి వెళ్లినట్టుంది, వెనకే పక్కింటి పెద్దావిడ కూడా వచ్చింది. జాడీలోకి తొంగి చూసి, "మైలచెయ్యి తగిలుంటది వదినా, ఈ కాలపు పిల్లలకి ఏం పట్టింపులుంటయ్యి" అంది, నేనక్కడ లేనట్టే.

అత్తయ్య ఆవిడ వైపు కూడా చూడలేదు. "చేతికి మైలుంటే పచ్చడి చెడదు వదినా. నీళ్లుంటే చెడిపోద్ది" అంది. ఎడమచేత్తో చెంచా అందుకుని లోపలినుంచి సరిగా నలగని కాయ ముక్కను పైకి తీసింది. వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"తొడిమలు ఎప్పుడు తీశావే?"

"కడగకముందే తీశానత్తయ్యా. అన్నీ."

ఆవిడ నవ్వింది. మామూలు నవ్వు కాదు, కట్టు కట్టిన భుజం నొప్పెట్టి "అబ్బా" అనేదాకా నవ్వింది.

"ఎండుకాయలకి తీసినట్టు తీసిపారేశావా! అమ్మాయ్, తొడిమంటే కాయకి బిరడా. బిరడా పీకేసి నీళ్లలో ముంచితే లోపలికి పోకుండా ఎట్టా ఉంటయ్యి? పైన ఎంత తుడిస్తే ఏం లాభం? కడగాలి, ఆరబెట్టాలి, తుడవాలి, ఆ తర్వాత తియ్యాలి తొడిమ."

ఇన్నేళ్లు చూశానన్నాను కదా. చూశాను. కానీ ఆవిడ తొడిమలు తీసే వేళకు నేనెప్పుడూ రోలు కడుగుతూ పెరట్లో ఉండేదాన్ని. ఏ పని నాకు బాగా వచ్చని విర్రవీగానో ఆ పనే నన్ను ముంచింది. నా చేతులు ఆలోచించకుండా పని చేస్తాయని ఎంత పొంగిపోయానో, ఆలోచించకుండానే పచ్చడంతా పాడుచేశాయి. నాకు కష్టమనిపించింది అదే. రానిది చెడగొడితే ఇంత బాధ ఉండేది కాదు.

"జాడీ కడిగి ఎండలో పెట్టు. ఆదివారం అల్లుడొస్తాడు, పట్టుకుపోతాడు" అంది అత్తయ్య. నవ్వు నవ్వే, మాట మాటే.

వేడినీళ్లతో జాడీ కడిగి ఎండలో బోర్లించాను. తర్వాత నా భర్తను పట్టుకున్నాను. చేలో పండుకాయ ఇంకా ఉందా అని అడిగితే, ఉన్నదంతా కల్లంలో ఎండుతోందనీ, కాలవ వైపు చివరి సాళ్లలో ఏమైనా ఉంటే ఉండొచ్చనీ అన్నాడు. మర్నాడు మంచు పూర్తిగా విడిచేదాకా ఆగి చేలోకి వెళ్లాను. ఆ సాళ్లు వెనకపడి పండినట్టున్నాయి, కాయ నేను అనుకున్నదానికంటే బాగుంది. కోసే ప్రతి కాయా తొడిమతోనే కోశాను. బొటనవేలు ఊరుకోదు, తొడిమ కనపడగానే దానికి దురద. దాన్ని అరచేతిలో మడిచి పెట్టుకుని కోశానంటే నమ్మాలి. కోసినదాంట్లో మచ్చ ఉన్నవి, మెత్తబడినవి అక్కడే ఏరి పారేశాను.

ఇంటికి వచ్చి కడుగుతుంటే అత్తయ్య ప్లాస్టిక్ కుర్చీ వరండాలోకి లాగించుకుని కూర్చుంది. ఒక్క మాట చెప్పలేదు. నేనూ ఒక్క మాట అడగలేదు. కాయలు ఆరబెట్టాను. తుడిచాను. రెండు మూడు కాయలు విరిచి లోపల తడి లేదని చూసుకున్నాను. అప్పుడు తీశాను తొడిమలు, జీవితంలో మొదటిసారి నెమ్మదిగా, ఒక్కోటీ చూసుకుంటూ. తొక్కడం అయ్యాక పెరట్లోంచి పెద్ద జాడీ తెచ్చాను.

"ఎండిందా అది?" అంది.

"ఎండింది."

"మరి అందులో ఏం పెడుతున్నావ్?"

"పచ్చడి."

అది ప్రయాణానికి కడిగిన జాడీ అని ఇద్దరికీ తెలుసు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. నా మొండితనానికి చివాట్లు పెడుతుందనే అనుకున్నాను. "ఆదివారం విప్పుతావుగా, చూద్దాం" అని కళ్లు మూసుకుంది. పచ్చడి మీద చేసే ప్రార్థన ఈసారి ఆవిడే చేసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా ఆడపడుచు భర్త వచ్చి కూర్చున్నాడు. జాడీ పెట్టుకోవడానికి పాత దుప్పటి, తాడు కూడా తెచ్చుకున్నాడు. "ఏదమ్మా జాడీ?" అన్నాడు. "ముందు భోజనం చెయ్యండన్నయ్యా" అన్నాను. లోపలికి వెళ్లి గుడ్డ విప్పాను. ముందు వాసన చూశాను. పుల్లగా, ఘాటుగా, ముక్కు లోపలిదాకా వెళ్లే పండుమిరప వాసన, అంతే. అంచుల వెంట చిన్న చుక్క కూడా లేదు. ఎరుపు చూస్తే కళ్లు చెదిరాయి. గబగబా కొంచెం తీసి మెంతిపిండి, వెల్లుల్లి వేసి రుబ్బి, తాలింపు పెట్టి తెచ్చాను.

అల్లుడుగారు వేడన్నంలో నెయ్యి వేసుకుని ఒక ముద్ద తిన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు తుడుచుకున్నాడు, రెండో ముద్ద ఇంకా పెద్దది కలిపాడు. అత్తయ్య ఎడమచేతి వేలితో కాస్త తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. చాలాసేపు చప్పరించింది. ఉప్పు గురించి గానీ పులుపు గురించి గానీ ఏదో ఒకటి అంటుందని చూశాను. పళ్లెం ముందుకు జరిపి మళ్లీ వేయమంది.

భోజనాలయ్యాక ఆయన దుప్పటి దులిపి, "మరి జాడీ కట్టేద్దామా అత్తయ్యా?" అన్నాడు.

"అది నిండుగా ఉంది బాబూ, కదపకూడదు" అంది అత్తయ్య. "వచ్చే ఏడు కాయ పండే వేళకి అమ్మాయిని ఇక్కడికి పంపించండి, నేర్చుకుంటది. నేర్పేదాన్ని నేను కాదు" అని గడ్డంతో నా వైపు చూపించింది.

ఆ మాట ఆవిడ నా మొహం చూసి అనలేదు. అంటూనే లేచి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయింది. నేను ఎంగిలి పళ్లాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. చెయ్యి మోచేతి దాకా మండుతోంది, కళ్లు మండుతున్నాయి, ఏడవనని చెప్పిన మాట ఆ రోజు తప్పాను.