పిన్ని పెన్నుకు కొత్త తిత్తి

మా పిన్ని పామర్రులో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఆ తర్వాత కూడా పొద్దున్నే కాఫీ తాగి, జామెట్రీ లెక్క ఒకటి ముందు పెట్టుకుని కూర్చునేది. నిరుడు వేళ్ల కీళ్లు పట్టేశాయి. బాల్‌పెన్ను నొక్కి రాస్తుంటే బొటనవేలి నుంచి మోచేతి దాకా లాగేస్తోందని లెక్కలు మానేసింది.

"అందరూ రామకోటి రాసుకోమంటున్నారే. రామకోటికైనా నొక్కాల్సిందేగా," అంది, నేను విజయవాడ నుంచి చూడటానికి వెళ్లినప్పుడు. అంటూనే బీరువా సొరుగులోంచి నల్లటి పాత ఇంకుపెన్ను తీసి నా చేతిలో పెట్టింది. పక్కన చిన్న ఇత్తడి మీట ఉన్న పెన్ను అది. "ఉద్యోగంలో చేరినప్పుడు కొనుక్కున్నాను. కాగితానికి ఆనిస్తే చాలు, దానంతటదే రాసేది. ఎవరికైనా ఇచ్చి బాగు చేయించమ్మాయ్."

గవర్నర్‌పేటలో అడిగిన ప్రతి షాపులోనూ నవ్వి, కొత్తది తీసుకోమన్నారు. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. ఇంట్లో ఫ్యూజు పోతే పక్కింటివాళ్లను పిలుస్తాను. అలాంటిది, ఒక సాయంత్రం ఫోన్లో పెన్నుల రిపేరు వీడియో చూడటం మొదలుపెట్టి అన్నం సంగతే మర్చిపోయాను. ఇలాంటి పెన్నులో ఇంకు నిలిచేది ఒక రబ్బరు తిత్తిలోనట. మీట ఎత్తితే తిత్తి నొక్కుకుంటుంది, వదిలితే ఇంకు పీల్చుకుంటుంది. తిత్తి ఎండిపోతే పెన్ను పనికిరాదు. తిత్తి మారిస్తే మళ్లీ రాస్తుంది. అంతే కదా అనిపించింది. పిన్నికి ఫోన్ చేసి నేనే చేస్తానన్నాను.

"అయితే సామాను కొనడానికి నేనూ వస్తా. నా పెన్ను కదా," అంది.

శనివారం పామర్రు బస్సు దిగి, భుజాన సంచీతో వచ్చేసింది. ముందు గవర్నర్‌పేటలో వాచీలు బాగుచేసే ఒక సాయిబుగారి కొట్టుకు వెళ్లాం. కంటికి పెట్టుకునే భూతద్దం కావాలంటే, ఆయన మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టారు. పిన్ని ఒకటి కంటికి బిగించుకుని తన చీర అంచు చూసుకుంది.

"పోగు పోగు కనపడుతోందండీ," అంది సంబరంగా.

"ఎవరి వాచీ అమ్మా?" అన్నారాయన.

"వాచీ కాదండీ, పెన్ను. మేమే బాగుచేస్తాం."

ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "అయితే పాళీ చీలికలో దూర్చి మడ్డి తియ్యడానికి ఇది కూడా ఉంచండి," అంటూ కాగితం కన్నా పల్చటి ఇత్తడి రేకు ముక్క ఒకటి పొట్లం కట్టి ఇచ్చారు.

అక్కణ్ణుంచి ఇక మాకు ఆగబుద్ధి కాలేదు. మందుల షాపులో చెవి కడిగే రబ్బరు బల్బు తీసుకున్నాం, పాళీలోకి నీళ్లు కొట్టడానికి. తిత్తిని అంటించడానికి చెక్క పాలిష్ సామాను అమ్మేచోట లక్క బిళ్లలూ, వాటిని కరిగించడానికి స్పిరిటూ కొన్నాం. సైకిల్ షాపతను పాత ట్యూబు ముక్క ఊరికే ఇచ్చాడు. పట్టకారు పళ్లకు అది చుడితే పెన్ను మీద గీతలు పడవు. తిత్తి మాత్రం ఊళ్లో ఎక్కడా దొరకలేదు. ఆటోలో కూర్చునే ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టాను.

మధ్యాహ్నం మా డైనింగ్ టేబుల్ మీద పాత తువ్వాలు పరిచి పనికి కూర్చున్నాం. పాళీ భాగం ఊడదియ్యడానికి వేడినీళ్లలో ముంచితే నలుపు వెలిసిపోతుందని వీడియోలో చెప్పారు. అందుకని జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో అతుకు దగ్గర కాస్త కాస్తగా వెచ్చబెట్టాను. తిప్పితే కదల్లేదు. మళ్లీ వెచ్చబెట్టాను. చేతికి చిన్న జారుడు తగిలింది.

"లాగకు, తిప్పు," అంది పిన్ని నా భుజం మీద నుంచి వంగి.

పాళీ భాగం ఊడి చేతికొచ్చింది. లోపల తిత్తి నల్లటి పెంకుల్లా పగిలిపోయి ఉంది. వాటిని తియ్యడానికి నా దగ్గర పనిముట్టేమీ లేదు. పిన్ని తన సంచీలోంచి క్రోషా సూది తీసి, ఆ వంకీతో పెంకులన్నీ ఒక్కటొక్కటిగా లాగేసింది. పాళీలోకి బల్బుతో నీళ్లు కొడుతుంటే నీలం, నీలం, నీలం. ఎప్పటి ఇంకో, గిన్నె నిండా దిగింది.

పిన్ని పామర్రు వెళ్లిపోయాక తిత్తి కొరియర్‌లో వచ్చింది. నా సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అది లావుగా ఉంది, గొట్టంలోకి దూరలేదు. నేను నీరుగారిపోయాను. ఫోన్లో చెబితే పిన్ని తిట్టలేదు.

"కొలవకుండా తెప్పించావుటే. మళ్లీ వస్తున్నా, ఉండు."

డివైడరు పట్టుకొచ్చింది. గొట్టం లోపలి వెడల్పు కొలిచి, రబ్బరు మందం తీసేసి, తిత్తి ఉబ్బడానికి కాస్త చోటు వదిలి, సైజు తేల్చింది. రెండోసారి వచ్చింది సరిగ్గా సరిపోయింది. పాళీ వెనక మొనకు లక్క పూసి, తిత్తి తొడిగి, ఆరనిచ్చి, అంటుకోకుండా పైన పౌడరు అద్ది, గొట్టంలో బిగించి పామర్రు తీసుకెళ్లాను. ఇంకు పిన్ని చేతే పట్టించాలని నా కోరిక.

పాళీని ఇంకుబుడ్డిలో ముంచి మీట ఎత్తింది. బుడబుడమని బుడగలొచ్చాయి. ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. కాగితం మీద పెడితే మాత్రం గరగరమంది, గీత తెగింది. భూతద్దంలో చూస్తే పాళీ మొన రెండు పాయల్లో ఒకటి వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. గోటితో మెల్లిగా అదిమి, మళ్లీ చూసి, మళ్లీ అదిమాను.

ఈసారి పిన్ని ఒక వృత్తం గీసింది. చేత్తోనే, ఆగకుండా. దాని లోపల త్రిభుజం గీసింది. పక్కన ఎక్కాలు రాసినంత వేగంగా అంకెలు దిగుతున్నాయి. నొప్పి ఉందా అని నేను అడిగేలోపే పేజీ తిప్పింది.

"పిల్లలకి ఈ లెక్క నేను చుట్టుదారిలో చెప్పేదాన్నే. ఇంకా తేలిక దారుంది, చూడు ఇలా రా."

నాకు లెక్కలు రావు. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. విజయవాడ బస్సు ఆ రోజుకి వదిలేశాను.