కాళ్లు అందిన రేసుబండి

1957లో నన్ను హైదరాబాదు పాతబస్తీకి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. జనం మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టర్లనేవారు. బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో చూడడం, నడిపేవాడికి పరీక్ష పెట్టి లైసెన్సు ఇవ్వడం మా పని. దబీర్‌పురా స్టేషను దగ్గరి మైదానంలో పరీక్షలు జరిగేవి. అక్కడ నాకు కోపిష్టినని పేరు. అబద్ధమేమీ కాదు.

ఆ మైదానానికే సత్తయ్య వచ్చాడు. మనిషి బాగా పొట్టి. తెచ్చింది చూస్తే రేసుబండి, పందేల మోటారు సైకిలు. ఎవరో దొర పందేల కోసం తెప్పించుకుని, మోజు తీరాక అమ్మేస్తే ఓ సినిమా హాలు యజమాని కొన్నాడు. ఆ రోజుల్లో ఒకే ప్రింటును రెండు హాళ్లలో ఆడించేవారు. అఫ్జల్‌గంజ్ హాల్లో ఆడిన రీళ్లను వెంటనే కార్వాన్ హాలుకు చేర్చాలి. ఆలస్యమైతే అక్కడ కుర్చీలు విరిగేవి. అంతవరకు సైకిలు మీద రీళ్లు మోసిన సత్తయ్యకు యజమాని ఈ బండి అప్పగించాడు. శుక్రవారం కొత్త సినిమా వచ్చేలోగా లైసెన్సు తేకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటానన్నాడట. పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఆ జీతం మీదే బతుకుతున్నారు.

మొదటి పరీక్షలో ఆగమనగానే బండి పక్కకు పడింది. కాలు నేలకు అందితేగా! మరి నేర్చుకునే లైసెన్సు మీద ఇన్నాళ్లూ బజార్లో ఎట్లా ఆపుతున్నావయ్యా అని అడిగాను. దుకాణాల అరుగులున్నాయి కదా సార్, వాటి మీద కాలు పెడతానన్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి, అప్పుడు రమ్మని పంపేశాను.

గురువారం మెకానిక్ యూసుఫ్ భాయ్‌ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. యూసుఫ్ భాయ్ వెనక చక్రం స్ప్రింగులు తీసేసి పొట్టివి బిగించాడు. వెనకభాగం కిందికి దిగింది, సీటూ దిగింది. సత్తయ్య పాదాలు నిండుగా నేలకానాయి. మలుపులు తిప్పాడు, చెప్పినచోట ఆపాడు. తప్పు పట్టడానికేమీ లేదు.

పరీక్షకొచ్చే ప్రతివాడూ బండిని కడిగి, నిమ్మకాయ కట్టి, సామాను దించి తెచ్చేవాడు, పెళ్లిచూపులకు పిల్లను తయారు చేసినట్టు. సత్తయ్య కూడా రీళ్ల డబ్బాలు విప్పి గోడ పక్కన పెట్టాడు. కలం మూత తీశాక నా చూపు వాటి మీద పడింది. అవి కట్టుకుని తిరిగి చూపించమన్నాను. యూసుఫ్ భాయ్ ముఖం చిన్నబోయింది. బరువు సంగతి ఆయనా ఆలోచించలేదు.

రెండు చుట్లు బాగానే తిరిగాడు. మూడో చుట్టులో డబ్బాల కింద పొగ లేచింది. యూసుఫ్ భాయ్ పరుగున వెళ్లి తాళ్లు కోసి, డబ్బాలను దూరంగా విసిరేశాడు. వంగి చూశాను. డబ్బాలు కట్టే క్యారియర్ బోల్టులు మడ్‌గార్డు లోపలికి పొడుచుకొచ్చి ఉన్నాయి. బరువుకు బండి ఇంకా దిగి, టైరు వాటికి రాసుకుని రబ్బరు కింది నూలు పొర దాకా తెగింది. పైన రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది.

యూసుఫ్ భాయ్ ఊపిరి తీసుకుని అన్నాడు: "గివి పాతరకం ఫిలింలు సాబ్. అంటుకున్నయంటే నీళ్లు పోసినా ఆరయి."

సత్తయ్య మెల్లగా అన్నాడు: "నిన్నటి సంది గిట్లనే తిరుగుతున్న సార్. వాసనొస్తే ఇంజన్‌దేమో అనుకున్న."

నిన్నటి నుంచి! అఫ్జల్‌గంజ్ జనంలో, బట్టల దుకాణాల మధ్య, వీపుకు ఆనుకుని ఆ డబ్బాలు! కోపం కూడా రాలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రమే యూసుఫ్ భాయ్ పాత స్ప్రింగులు తిరిగి బిగించాడు. సీటు కింది స్ప్రింగులు తీసేశాడు, మెత్త పలచన చేశాడు, కాళ్లు నిటారుగా దిగేట్టు సీటు ముందుభాగం సన్నగా కోశాడు. బోల్టుల కొసలు అరగదీసి కొత్త టైరు వేశాడు. మరునాడు డబ్బాల్లో ఇసుక నింపి తిప్పించాను. రెండు కాళ్ల మునివేళ్లూ ఆనాయి. అది చాలనుకున్నాను. లైసెన్సు తీసుకుని సత్తయ్య మొదటి ఆట వేళకు చేరుకున్నాడు.

మనిషికి సరిపడేలా బండిని మారిస్తే అది మోసే బరువుతో కూడా నడిపి చూడాలి. ఆ గురువారం ఖాళీ బండిని చూసి సంతకం చేసి ఉంటే సత్తయ్యకు ఉద్యోగం దక్కేది. శుక్రవారం మొదటి ఆట మాత్రం చూసేవాడు కాదు.