ఖాదర్ సార్ గీసిన చెరువు

నిన్న కడప నుంచి కర్నూలుకు వస్తుంటే మైదుకూరు దగ్గర ఉడికిన పసుపు వాసన బస్సు కిటికీలోంచి గుప్పుమంది. పక్కసీటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఖాదర్ సార్ గుర్తొచ్చారు. ఆయనది ఆ పక్క ఊరే. తమ్ముడు మస్తాన్ అక్కడ పసుపు పండించేవాడు.

ఉపగ్రహం తీసిన చిత్రాలు చూసి చెరువులు, కుంటలు పటంలోకి ఎక్కించడం మా పని. నేను చేరేనాటికి సార్ మా విభాగానికి పెద్ద. నల్లగా కనిపించిందల్లా నీళ్లేనని నేను నీలిరంగు పూసేదాన్ని. కొండనీడా నల్లగానే ఉంటుంది, తడిసిన రేగడీ నల్లగానే ఉంటుంది. సార్ నా కుర్చీ వెనక నిలబడి, "కట్ట యాడుండాదమ్మా?" అనేవారు. "మన సీమలో నీళ్లు వాటంతటవి నిలబడవు. ఎవరో ఆపింటారు. ఆపినోళ్లను ఎతుకు ముందు." నేను వాదించేదాన్ని. వాదన నాకు పుట్టుకతో వచ్చింది. మా ఇంట్లో దాన్ని జబ్బంటారు. సార్ విసుక్కోలేదు. "నోరు శానా ఉండాది నీకు. మంచిదే. బొమ్మతో పోట్లాడు, నాతో కాదు" అనేవారు.

కొన్నేళ్ల కిందట ఆయన సొంతూరి పటం మా బల్ల మీదికొచ్చింది. అక్కడి చెరువు ఎప్పుడో ఎండిపోయింది. చిత్రంలో చుక్క నీరు లేదు, విల్లులా వంగిన కట్ట మాత్రం ఉంది. కట్ట లోపల, బోరు మీద బతుకుతూ, పచ్చగా మస్తాన్ తోట. చెరువని గీస్తే ఆ నేలకు ఇక పట్టా రాదు. దానికోసమే మస్తాన్ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడని మాకందరికీ తెలుసు.

"నీళ్లు లేవు కదా సార్. వదిలేస్తే అబద్ధమేం కాదు" అన్నాను.

"నీళ్లు లేవు. చెరువుండాది" అని మౌస్ నా చేతిలోంచి తీసుకుని, తోటను లోపలికి కలుపుతూ గీత ఆయనే గీశారు.

పటం ఊరి సచివాలయం గోడకెక్కాక మస్తాన్ మా ఆఫీసుకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పొలం పోతే పోనీన్నా. ఆ కాగితం అంటించినోడు చెప్తే తెలిసింది నాకు. మొన్న పండక్కి ఒకే పళ్లెంలో తింటిమి కదా! అప్పుడన్నా ఒక మాట అనకూడదా?"

"అనింటే వద్దంటావప్పా."

"అంటా. నాలుగు తిట్టి పోతా. ఇప్పుడెవర్ని తిట్టేది, గోడనా?"

ఆ తర్వాత అతను అన్న గడప తొక్కలేదు. సార్ పోయిననాడు వచ్చి, మట్టి వేసి వెళ్లిపోయాడు.

గీత తప్పని నేననను. అనేవాళ్లుంటే నా ముందుకు రమ్మనండి. ముందుగా చెప్పకపోవడం మాత్రం తప్పే. ఆ మాట మస్తాన్ వచ్చివెళ్లిన రోజే సార్ మొహం మీద అన్నాను. ఆయన తెర వైపే చూస్తూ, "గీసేదానికి చెయ్యి వణకలేదమ్మా. వాని మొగం సూసి చెప్పేదానికే..." అని ఆగిపోయారు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. ఎండిన చెరువులన్నీ గీస్తూనే ఉన్నాను. పటం బయటికి పోకముందే, లోపల పొలాలున్నవాళ్లను పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ గీస్తున్నానో చూపిస్తాను. తిడతారు. పోయిన వారం ఒక పెద్దాయన, "నీ కండ్లు పోనూ" అని మొదలుపెట్టి నా వంశం దాకా పోయాడు. అడ్డం మాట్లాడకుండా చివరిదాకా విన్నాను. అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుసు.