రెండో సంతకం

అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో మా కాలనీ సంఘానికి చెత్తడబ్బాల మీద ఉన్న శ్రద్ధ మనుషుల మీద కూడా ఉంటే బాగుండేది. సాయంత్రానికల్లా డబ్బా గరాజ్‌లోకి చేరకపోతే మర్నాడే ఉత్తరం వస్తుంది, ఫొటోతో సహా. డబ్బా అక్కడెందుకు ఉండిపోయిందో మాత్రం ఆ ఫొటోలో ఉండదు.

ఆఫీసులో అలాంటి ఫొటో ఒకటి నేనే తీశాను.

మాది బీమా కంపెనీ. ప్రోగ్రాములు రాయడానికీ, విడుదల చేయడానికీ కొత్త ప్లాట్‌ఫామ్ కొనాలనుకుని, రెండింటిలో దేనికి భద్రత ఎక్కువో పోల్చి రాయమన్నారు. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి కోడ్ పంపడం రెండింటిలోనూ ఉంది. ఒకరు రాసిన ప్రోగ్రాము ఇంకొకరు అప్రూవ్ చేస్తేగాని బయటికి పోనివ్వకపోవడం, అదీ ఉంది. తేడా అంతా ఎవరు ఏం చేశారో నమోదయ్యే చిట్టాలో తేలింది. మొదటిది ఎవరి పేరుతో అప్రూవ్ అయిందో రాస్తుంది. రెండోది ఏ కంప్యూటర్ నుంచి అయిందో కూడా రాస్తుంది.

పరీక్షకని మా టీమ్ పని నెలరోజులు రెండోదాంట్లో నడిపాం. చిట్టా తెరిస్తే, మా మేనేజర్ గారి అప్రూవల్స్ అన్నీ టీమ్‌లోని కాంట్రాక్టర్ అమ్మాయి లాప్‌టాప్ నుంచే వచ్చాయి. రాసిందీ ఆమే, రెండో సంతకమూ ఆమెదే.

నేనేమంత ఆశ్చర్యపోలేదు. ఆ ఏర్పాటు జరిగినప్పుడు పక్క కుర్చీలోనే ఉన్నాను.

"మూడింటికి పిల్లని టెన్నిస్‌కి దింపాలమ్మా. నా లాగిన్ ఇస్తా, నువ్వే అప్రూవ్ కొట్టెయ్," అన్నారాయన. తెలుగువారే, మా అందరికంటే పెద్దవారు.

"రూల్ ఒప్పుకోదేమో సార్."

"ఆ రూల్ రాసింది నేనేనమ్మా. మనలో మనకేంటి?"

ఫోన్‌కి వచ్చిన కోడ్ కూడా ఆయనే పైకి చదివారు, ఒక్కొక్క అంకే, పసిపిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు. ఒకసారి కొడితే ఆ లాప్‌టాప్‌లో మళ్లీ అడగదు.

ఆయనకు చిన్న చురక అంటిద్దామనుకున్నాను. చిట్టాలో ఆ పేజీని ఫొటో తీసి రిపోర్టులో అతికించి, చుట్టూ ఎర్రగీత గీశాను. చాలా చమత్కారంగా ఉందనుకున్నాను కూడా.

సెక్యూరిటీ వాళ్లకు చమత్కారం పట్టలేదు. మా ముగ్గురినీ పిలిచారు. తన పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వలేదని మేనేజర్ గారు శుభ్రమైన ఇంగ్లీషులో చెప్పారు. ఆ అమ్మాయే తన నోట్‌బుక్‌లోంచి చూసి రాసుకుందేమోనని అనుమానం కూడా వ్యక్తం చేశారు. ఆమె నా వైపు చూసింది. నా గ్రీన్‌కార్డ్ కాగితాలు ఆయన చేతిమీదుగా పోవాలి. నేను నా రిపోర్టులో అక్షరదోషాలు వెతుక్కున్నాను.

ఆమె కాంట్రాక్ట్ ఆ మధ్యాహ్నమే రద్దయింది. హెచ్-వన్ వీసా. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. నా రిపోర్టు మాత్రం బాగుందన్నారు. రెండో ప్లాట్‌ఫామే కొన్నారు. మేనేజర్ గారు నా భుజం తట్టి "గుడ్ వర్క్ తమ్ముడూ" అన్నారు. ఆ చెయ్యి ఇప్పటికీ నా భుజం మీదే ఉన్నట్టుంటుంది. కోపం వచ్చిందంటే తక్కువ చెప్పినట్టే. ఆయన నోరు తెరిచి అబద్ధం చెప్పారు; నేను నోరు మూసుకుని అదే చెప్పాను.

పార్కింగ్‌లో ఆమె బ్యాగ్ అందుకుని కారులో పెట్టాను.

"ఇంతవరకు పోతుందనుకోలేదమ్మా. రెజ్యూమె పంపు, తెలిసినవాళ్లకి ఫార్వర్డ్ చేస్తా."

ఆమె డిక్కీ మూసింది.

"ఆయన కోడ్ చదువుతుంటే నువ్వు ఆడనే ఉన్నవ్ కదా అన్నా."