జీడినూనె పూసిన హాకీ కర్రలు

కాశీబుగ్గలో మా ఇంటి వెనకే జీడిపిక్కలు కాల్చే చోటు ఉంది. మొన్న ఆదివారం పొద్దున్న కిటికీలోంచి ఆ ఘాటు వాసన వస్తుండగానే, ముందుగదిలో టీవీలోంచి కర్రలు టకటకా కొట్టుకున్న చప్పుడు వినిపించింది. రెండూ ఒకేసారి తగిలేసరికి నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లి దాక్కున్నాయి. వెళ్లి చూస్తే ఏడేళ్ల మా అమ్మాయి సినిమా పెట్టుకుంది. మంచు మీద పిల్లల హాకీ జట్టు. చూడగానే గుర్తుపట్టాను. అది రెండో భాగం. మొదటి భాగం నేను ఇప్పటికీ చూడలేదు.

ఆ రెండో భాగాన్ని మాకు చూపించింది సింహాచలం మాస్టారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టారు. పొట్టి మనిషి. పెళ్లికి పిలిచినా మెడలో విజిల్‌తోనే వచ్చేవారు. ఆడపిల్లలకు కబడ్డీ నేర్పితేనే గొప్ప అనుకునే చోట ఆయన హాకీ మొదలుపెట్టారు. కర్రలు లేవు కదా అంటే కొబ్బరిమట్టలు కోయించారు. మట్ట మొదలు ఎలాగూ వంకర తిరిగే ఉంటుంది, ఇంకేం కావాలన్నారు. మా నాన్న తెప్ప మీద చేపల వేటకు వెళ్లే మనిషి, ఒకరోజు ఆయన్ని దారిలో ఆపేశాడు.

"ఆడగుంటలకి కర్రలిచ్చి ఏటి సేయిత్తావు మాస్టారూ?"

"కర్ర పట్టుకున్న గుంటని ఎవుడూ ఏటీ అనడు మావా," అన్నారు మాస్టారు. నాన్నకు నవ్వొచ్చింది. ఆ నవ్వే మాకు అనుమతి.

రెండేళ్లు మట్టలతో ఆడాక మాస్టారు ఎక్కడెక్కడో తిరిగి పదకొండు అసలైన హాకీ కర్రలు సంపాదించారు. పాతవే, అయినా మాకు అవి బంగారం. టెక్కలిలో ఒక స్కూలు జట్టుతో శనివారం ఆట కుదిరింది. మా కెప్టెన్ ధనలక్ష్మిది పదో తరగతి, దానికి ఇదే చివరి ఏడు. కర్రలు దాచే గది తాళంచెవి నాకిచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లకి అంతకంటే పెద్ద ఉద్యోగం ఉంటుందా?

బుధవారం చూస్తే ఒక కర్ర అడుగున చెదలు. మా ఇంట్లో చెక్కకు చెద పడితే మందు ఒక్కటే. జీడిపిక్కల తొక్క నుంచి తీసే నల్లటి నూనె. నాన్న ఏటా తెప్పకు పూసేది అదే. డబ్బా తెచ్చి, అమ్మ జీడిపిక్కలు వలిచే ముందు చేసుకునేట్టే చేతులకు దట్టంగా కొబ్బరినూనె రాసుకుని, పది కర్రలకు పైనుంచి కిందదాకా పూసేశాను. నాన్న తెప్పని వారం రోజులు ఎండలో వదిలేసేవాడనీ, అందాకా మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదనీ నాకు గుర్తే రాలేదు. నూనె అయిపోవడంతో పదకొండోది మిగిలింది. అది నా కర్ర.

గురువారం అందరూ ఆడారు. జిగటగా ఉంటే పట్టు బాగుందనుకున్నారు. శుక్రవారం పొద్దున్నకి పదిమంది చేతులూ బొబ్బలు. ధనలక్ష్మి పెన్ను పట్టుకోలేకపోతోంది. నా చేతులు మాత్రం నున్నగా ఉన్నాయి.

"నీ కర్రకెందుకు రాయలేదే?" అంది ధనలక్ష్మి. "మమ్మల్ని కూకోబెట్టి నువ్వొక్కదానివీ ఆడీదామనా?"

చేతులు వెనక్కి దాచుకున్నాను. టెక్కలికి మేము వెళ్లలేదు. ఆ ఏడు మళ్లీ ఎవరూ పిలవలేదు.

హెడ్మాస్టరు గదిలో పిల్లల తల్లులు గొడవ పెడుతుంటే నేను వరండాలో నిలబడి విన్నాను. "నానే రాయమన్నానమ్మా. గుంటదానికి ఏటి తెలుసు?" అన్నారు మాస్టారు. ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అదే. ఆ మాటకు ఏడ్చాను, తిట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు.

సోమవారం ఆయన కాశీబుగ్గ నుంచి ప్లేయరు, ఒక సీడీ పట్టుకొచ్చారు. షాపులో రెండో భాగమే దొరికిందట. మొదటి భాగం కథ ఆయనే చెప్పేశారు. చేతులకు గుడ్డలు కట్టుకుని పదిమందీ ఒకవైపు, నేనొక్కదాన్నీ గోడవైపు కూర్చున్నాం. మంచు కనబడగానే, "నౌపడ ఉప్పుమళ్లలో కూడా ఇంత ఉప్పు నేదండీ!" అని ఎవరో అరిచారు. అంతా ఇంగ్లీషే. మాస్టారు టీవీ పక్కన నిలబడి తెలుగు చెబుతున్నారు. సినిమాలో ఒక కుర్రాడు జట్టు బూట్ల సంచీని బస్టాండులో మర్చిపోతాడు. ఆట పోతుంది. కోచ్ వేలు చూపించి వాడి మీద ఏదో కేకలేస్తున్నాడు.

"ఏటంతన్నాడండీ?" అంది ధనలక్ష్మి.

మాస్టారు ఒక్క క్షణం ఆగారు. "నిన్ను నమ్మి సంచీ ఇచ్చినోడ్ని నాను. ఎలా మొయ్యాలో సెప్పకపోడం నా తప్పు. రేపు కూడా సంచీ నువ్వే మొయ్యాల, అంతన్నాడు."

"మరంత గట్టిగా అరుత్తాడేటండీ?"

"మంచులో మెల్లగా సెప్తే ఇనపడదే."

అందరూ నవ్వారు. సినిమా అయ్యాక ఆయన తాళంచెవి మళ్లీ నా చేతిలో పెట్టారు. ధనలక్ష్మి లేచి నా దగ్గరికొచ్చి, "ఈ ముడి ఇప్పవే, నాకు రాట్లేదు," అని గుడ్డ కట్టిన చెయ్యి నా ముందుకు చాపింది.

తర్వాత మాస్టారికి కిడ్నీ జబ్బు వచ్చింది. మా ఉద్దానంలో అది ఎవరింటికీ కొత్త కాదు. చివరిసారి చూసినప్పుడు కూడా విజిల్ మెడలోనే ఉంది. ఇప్పుడు ఆయన లేరు.

మొన్న ఆదివారం ఆ సీను వచ్చింది. ఇప్పుడు నాకు ఇంగ్లీషు తెలుసు. కోచ్ అంటున్నదేమిటంటే, నీవల్లే ఓడిపోయాం, సంచీ ఇంకొకడికి ఇచ్చెయ్, రేపు నువ్వు రాకు. అంతే. మాస్టారు చెప్పిన మాట అందులో ఒక్కటీ లేదు. ఆయనకు ఇంగ్లీషు రాకనా, వచ్చి కూడా అలా చెప్పారా? అడగడానికి మనిషి లేరు. కానీ ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగారో నాకిప్పుడు తెలుసు. కళ్లు నిండిపోయాయి.

"అమ్మా, ఆ అంకుల్ ఏమంటున్నాడు?" అంది మా అమ్మాయి.

"నిన్ను నమ్మి సంచీ ఇచ్చింది నేను, తప్పు నాదే, రేపు కూడా నువ్వే మొయ్యాలి అంటున్నాడు."

"మరి అంత గట్టిగా అరుస్తున్నాడెందుకు?"

"మంచులో మెల్లగా చెబితే వినపడదమ్మా," అన్నాను.